శీతోష్ణస్థితి మార్పు: రైతు సందేహములు

సంఘముల మహాసభలలో గాని, ధాన్యపు కాటాయొద్ద గాని నలుగురు రైతులు కూడినచోట ఈ నడుమ వాతావరణపు మార్పును గూర్చిన ప్రసంగము రాక మానదు. ఎండలు ముదిరినవని యొకరును, తాతలనాడును ఇట్టి యెండలే కలవని మరియొకరును, ఇదంతయు ధనిక దేశములవారు మన బొగ్గును, మన మోటారులను ఆపించుటకు పన్నిన పన్నాగమని వేరొకరును వాదించుట వినుచున్నాము. ఈ సందేహములను నవ్వి త్రోసివేయుట మాకు సమ్మతము కాదు. విత్తనమును మొలక కట్టి చూచిన పిమ్మటనే నారు పోయు రైతు, శాస్త్రజ్ఞుని మాటను మాత్రము పరీక్షింపక నమ్మవలెనని యెవ్వరును శాసింపరాదు.

కాని సందేహించుట వేరు, సందేహమును కొలతకు తెచ్చుట వేరు. ఈ విషయమున గడచిన నూటయేబది యేండ్లలో పెక్కు సందేహములు పుట్టినవి. వానిలో కొన్ని కొలతకు నిలిచినవి, కొన్ని నిలువలేదు. మరియు శాస్త్రమును గూర్చిన సందేహము వేరు, ప్రభుత్వముల విద్యుత్ విధానమును గూర్చిన సందేహము వేరు. ఈ రెంటిని కలగలిపినచో చివరకు నష్టపోవువాడు రైతే. కావున ఒక్కొక్కదానిని విడదీసి సభ్యుల యెదుట నుంచుచున్నాము.

మూలమైన సంగతి

శీతకాలమున ఆకాశము నిర్మలముగా నున్న రాత్రి పైరుమీద మంచు దట్టముగా పడును. మబ్బు పట్టిన రాత్రి మంచు పడదు, చలియు తగ్గును. దీనిని మన రైతులందరు నెరుగుదురు. పగలు సూర్యునివలన కాగిన నేల రాత్రి ఆ వేడిని పైకి విడుచును. మబ్బు అడ్డమున్నచో ఆ వేడి యంతయు పైకి పోక కొంత తిరిగి నేలకు చేరును. గాలిలోని నీటియావిరియు, బొగ్గుపులుసు వాయువును కంటికి కనబడకుండగనే మబ్బు చేయు ఈ పనిని రేయింబవళ్లు చేయుచుండును. రాక్షసిబొగ్గు, పెట్రోలు, డీజిలు మండినప్పుడెల్ల బొగ్గుపులుసు వాయువు పుట్టి గాలిలో కలియును.

ఇది నిన్న మొన్న రాజకీయులు కల్పించిన మాట కాదు. 1859లో జాన్ టిండాల్ అను శాస్త్రజ్ఞుడు లండనులో ఈ వాయువు వేడిని పట్టియుంచునని పరీక్షచేసి చూపెను. 1896లో స్వీడనుదేశపు పండితుడు స్వాంటే ఆరీనియస్, ఈ వాయువు గాలిలో రెట్టింపైనచో భూమి వేడి 5, 6 డిగ్రీలు పెరుగునని లెక్కవేసెను. వెంటనే సందేహము పుట్టెను. 1900లో క్నూట్ ఆంగ్‌స్ట్రోమ్ అను మరియొక స్వీడను పండితుడు, గాలిలో నున్న కొలది వాయువే పట్టదగిన వేడినంతటిని పట్టుచున్నదనియు, ఇంకను కలిపినందువలన మార్పుండదనియు వాదించెను. చాలకాలము పండితులలో పెక్కుమంది ఆ వాదమునే నమ్మిరి. గాలి పలుచబడు పైపొరలను గూర్చి మంచి కొలతలు వచ్చిన తరువాతనే చిక్కు విడిపోయెను. అట్టి పొరలలో ఈ వాయువు చేరినకొలది వేడి ఆకాశమునకు తప్పించుకొను చోటు మరింత ఎత్తునకు, మరింత చల్లని తావునకు జరుగును. చల్లని తావునుండి బయటపడు వేడి తక్కువ గనుక, మిగిలినది క్రింద నిలిచిపోవును.

1938లో గయ్ కాలెండర్ అను ఆవిరియంత్రముల ఇంజనీరు పలుదేశముల ఉష్ణమాపకముల లెక్కలను చేతితో కూడి, భూమి వేడెక్కుచున్నదని ఇంగ్లండులోని వాతావరణ పండితుల సంఘమునకు నివేదించెను. వారును సందేహించిరి. కాలెండరు ఎవ్వరిని భయపెట్టదలచినవాడు కాడు. ఈ వెచ్చదనము ఉత్తరదేశముల సేద్యమునకు మేలు చేయుననియే ఆయన తలచెను. పిమ్మట 1958లో చార్లెస్ కీలింగ్ అనునాయన హవాయి ద్వీపమున మౌనా లోవా కొండమీద గాలిని దినదినము కొలుచుట ప్రారంభించెను. నాడు పది లక్షల పాళ్ల గాలిలో ఈ వాయువు సుమారు 315 పాళ్లుండెను. 2024లో సుమారు 424 పాళ్లు. ధ్రువప్రాంతపు మంచులో చిక్కుకొన్న పాతగాలి బుడగలను పరీక్షింపగా, ఆవిరియంత్రముల కాలమునకు పూర్వము సుమారు 280 పాళ్లే యుండెనని తేలినది.

కొలతకు నిలువని సందేహములు

మన రైతులు తరచుగా అడుగు మొదటి ప్రశ్న యిది: “మోటారుబండ్లు లేని నాడును కరువులు, తుపానులు రాలేదా?” వచ్చినవి. 1832-33లో గుంటూరు సీమను నందన కరువు పాడుచేసెను. 1876-78 నడుమ ధాత కరువు దక్షిణదేశమంతటిని కాల్చెను. 1864లో తుపానుచే సముద్రము పొంగి బందరు పట్టణమును ముంచెను. ఇవన్నియు నిజమే. కాని పూర్వము పూరిండ్లు పిడుగుపాటునకు అంటుకొన్నవి గనుక నేడు నిప్పుపెట్టువాడు లేడనుట చెల్లదు. ప్రకృతివలన కలుగు మార్పులు వెనుకను కలవు, ఇకముందును ఉండును. వానికి తోడుగా మనుష్యులు చేర్చినది యెంత యనునదే ప్రశ్న. అట్లే ఒక్క వేసవిని చూపి, ఒక్క తుపానును చూపి, ఇదిగో ఋజువనుటయు సరికాదు. పెక్కేండ్ల లెక్కయే లెక్క.

రెండవ సందేహము సూర్యునిమీద. సూర్యుడే ప్రచండుడగుచున్నాడేమో యని కొందరు పండితులే యడిగిరి. 1978 మొదలు కృత్రిమోపగ్రహములు సూర్యునినుండి వచ్చు శక్తిని నేరుగా కొలుచుచున్నవి. సుమారు పదునొకండేండ్ల కొకమారు అది కొంచెము హెచ్చి తగ్గుటయే గాని, నానాటికి పెరుగుట లేదు. అంతియ కాదు. సూర్యుడే కారణమైనచో నేలనంటిన గాలియు, మిక్కిలి యెత్తుననున్న గాలియు రెండును వేడెక్కవలెను. కొలువగా క్రిందిగాలి వేడెక్కుచున్నది, పైగాలి చల్లబడుచున్నది. బొంత కప్పుకొన్నవానికి లోపల వెచ్చగను, బొంతపైన చల్లగను ఉండుట యిట్టిదే.

మూడవది: “ఉష్ణమాపకములున్న చోట్లు పట్టణములైపోయినవి. సిమెంటు కట్టడముల వేడిని లోకము వేడియని వ్రాయుచున్నారు.” ఇది తెలివిగల సందేహమే. పట్టణము పల్లెకన్న వేడియని మనమందర మెరుగుదుము. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రజ్ఞుడు రిచర్డ్ ముల్లర్ ఈ సందేహమునే పట్టుకొని, 2010లో ఒక బృందమును కూర్చెను. ఆ పనికి ధనమిచ్చినవారిలో వాతావరణ వాదమును వ్యతిరేకించు వారికి ఆప్తులైన బొగ్గు, నూనె వర్తకుల ధర్మసంస్థయు నుండెను. బృందమువారు ముప్పదియైదు వేలకు పైబడిన కేంద్రముల లెక్కలను మొదటినుండి తిరిగి కట్టిరి. పల్లెల లెక్క వేరుగను, మొత్తము లెక్క వేరుగను తీసి పోల్చిరి. భూమి వేడెక్కుట నిజమనియు, పట్టణపు వేడివలన మొత్తము లెక్క మారలేదనియు తేలెను. 2012లో ముల్లర్ తన సందేహము తీరినదని పత్రికాముఖమున ప్రకటించెను.

నాలుగవది కృత్రిమోపగ్రహముల లెక్క. అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయమునకు చెందిన జాన్ క్రిస్టీ, రాయ్ స్పెన్సర్ అను ఇరువురు 1990 మొదలు ఉపగ్రహములనుండి గాలి వేడిని గణించి, పెరుగుదల కనబడుట లేదనిరి. పిమ్మట 1998లో, మరల 2005లో ఇతర పండితులు ఆ గణితమున లోపములను చూపిరి. ఉపగ్రహము కాలక్రమమున క్రిందికి దిగుటయు, అది కొలుచు వేళ జరిగిపోవుటయు లెక్కలో సరిగా చేరలేదు. సవరించిన పిమ్మట ఆ ఉపగ్రహములును వేడి పెరుగుదలనే చూపుచున్నవి. ముప్పు పెద్దది కాదని ఆ ఇరువురును నేటికిని వాదించుచున్నారు. వేడి పెరుగలేదని మాత్రము వాదించుట లేదు.

సందేహమును పుట్టించువారెవరో కూడ చూడవలెను. ఎక్సాన్ అను గొప్ప నూనె కంపెనీలోని శాస్త్రజ్ఞులు 1977 మొదలు తమలో తాము కట్టుకొన్న లెక్కలు చాలవరకు నిజమైనవని 2023లో వెలువడిన పరిశోధన యొకటి చూపెను. లోపల ఆ లెక్కలుండగా ఆ కంపెనీ బహిరంగముగా మాత్రము ఈ శాస్త్రము తేలలేదని ప్రచారము చేసెను. తన సరకును తానే పొగడుకొను విత్తన వర్తకుని మాటను మనమెట్లు చూచెదమో, నూనె వర్తకుని సందేహమును కూడ అట్లే చూడవలెను. సూర్యఫలకముల వర్తకుని ఉత్సాహమునకును ఈ సూత్రమే వర్తించును.

వరిపొలముమీద పడిన నింద

ఇక నెగ్గిన సందేహములను చెప్పెదము. వీనిలో మొదటిది మన వరిపొలములకు సంబంధించినదే.

నీరు నిలిచిన మడిలో, గాలి చొరని బురదయందు ఆకు అలములు క్రుళ్లగా మీథేను అను వాయువు పుట్టును. ఇదియు వేడిని పట్టియుంచునదే. బొగ్గుపులుసు వాయువుకన్న తూకమునకు తూకము అనేక రెట్లు బలమైనది. 1990 ప్రాంతమున అమెరికా ప్రభుత్వపు పర్యావరణ సంస్థ వారి గణనలో భారతదేశపు వరిపొలములు ఏటేట 3 కోట్ల 78 లక్షల టన్నుల మీథేను విడుచునని తేలెను. అదే కాలమున వాషింగ్టను నగరమునందలి ఒక పరిశోధన సంస్థ, భూమిని వేడెక్కించు దేశములలో మొదటి యైదింట భారతదేశమును చేర్చెను.

1991లో ఢిల్లీలోని అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ అనువారు ఈ లెక్కను తీవ్రముగా ఖండించిరి. పేదవాడు కూటికై పండించు వరి మడినుండి వచ్చు వాయువును, ధనికుని కారునుండి వచ్చు వాయువును ఒకే గాట కట్టుట న్యాయము కాదనిరి. ఇది ధర్మమునకు సంబంధించిన వాదము. దీనితో ఆగియున్నచో అది వాదముగనే మిగిలిపోయెడిది. అదే యేడు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల పక్షమున, డాక్టరు ఎ. పి. మిత్రా నాయకత్వమున, శాస్త్రజ్ఞులు పలు రాష్ట్రముల వరిపొలములలోనికి దిగి, పైరుమీద పెట్టెలు బోర్లించి, అందు చేరిన వాయువును కొలిచిరి. కొలిచి లెక్కకట్టగా మొత్తము ఏటికి సుమారు 40 లక్షల టన్నులని తేలెను. పైవారు చెప్పినదానిలో ఇది తొమ్మిదవ వంతునకు దగ్గర.

ఇంత భేద మెట్లు వచ్చెను? పాతలెక్క ఇతరదేశములలో, ఎరువు దట్టముగా వేసి, ఎడతెగక నీరు నిలువకట్టిన మడులలో తీసిన కొలతలను మన దేశమునకు పరచినది. మన వరిలో మెట్టవరి కలదు. వానమీద ఆధారపడి నడుమ నడుమ ఆరిపోవు మడులును చాల కలవు. సేంద్రియపు టెరువు తక్కువ పడిన నేలలును మెండు. మన శాస్త్రజ్ఞులు మీథేను పుట్టదనలేదు, లోకము వేడెక్కదనియు అనలేదు. మా పొలమునకు వచ్చి కొలువుడనిరి. సందేహము నెగ్గవలసిన మార్గమిది.

రెండవది హిమాలయములది. ఐక్యరాజ్యసమితి పక్షమున ఏర్పడిన ఐ.పి.సి.సి. అను పండిత సంఘము 2007లో వెలువరించిన నివేదికలో, హిమాలయపు మంచునదులు 2035 నాటికో అంతకు ముందో మాయమగు సంభవము కలదని వ్రాయబడెను. గంగా, సింధు నదుల రైతులకు ఇది పిడుగువంటి వార్త. 2009 నవంబరులో మన కేంద్ర పర్యావరణ శాఖ ప్రచురించిన పత్రమున భూగర్భశాస్త్రజ్ఞుడు వి. కె. రైనా, మంచునదులు అంత వేగముగా కరుగుటకు నిదర్శనము లేదని చూపెను. ఐ.పి.సి.సి. అధ్యక్షుడు మొదట ఆ మాటను చులకన చేసెను. అయినను 2010 జనవరిలో ఆ సంఘమే తన వాక్యమునకు తగిన ఆధారము లేదని యొప్పుకొని విచారము తెలిపెను. దీనివలన మంచు కరుగుట అబద్ధమని తలపరాదు. 2023లో వెలువడిన పర్వతప్రాంత పరిశోధన ప్రకారము, 2011-2020 నడుమ హిమాలయ, హిందూకుష్ ప్రాంతపు మంచునదులు అంతకు ముందటి పదియేండ్లకన్న నూటికి 65 వంతులు అధిక వేగముతో తరిగినవి. గడువు తప్పు, తరుగుట నిజము. రెంటిని విడదీసి చూడవలెను.

ఇంకను తేలని సంగతులు

బొగ్గుపులుసు వాయువు రెట్టింపైనచో వేడి యెంత పెరుగును? 1979లో అమెరికా పండితులు ఒకటిన్నర మొదలు నాలుగున్నర డిగ్రీల వరకనిరి. 2021లో ఐ.పి.సి.సి. వారు దానిని రెండున్నర మొదలు నాలుగు డిగ్రీల నడుమకు తెచ్చి, మూడు డిగ్రీలను మంచి అంచనాగా చెప్పిరి. అమెరికాలోని రిచర్డ్ లిండ్జెన్ వంటి పేరుగల సంశయవాదులు అంతకన్న చాల తక్కువయని వాదించిరి. వారును వాయువు వేడిని పట్టదనుట లేదు. మేఘములు ఆ వేడిని పెంచునా, తగ్గించునా యనునదే వారి తగవు.

మన వానలను గూర్చి శాస్త్రము ఇంకను తడబడుచునే యున్నది. 2002లో వాతావరణ శాఖవారు దేశమున వాన సగటుకు నూటికి 101 పాళ్లు కురియుననిరి. 81 పాళ్లే కురిసెను. “రేపటి వాననే చెప్పలేనివారు ఏబదియేండ్ల తరువాతి సంగతి యెట్లు చెప్పుదురు?” అని రైతు అడుగుట సహజమే. దీనికి సమాధానము మన పశువుల బీమాలో కలదు. ఏ సభ్యుని గేదె యెప్పుడు చచ్చునో బీమావారు చెప్పలేరు. వేయి గేదెలలో ఏటికెన్ని చచ్చునో చెప్పగలరు. దానిమీదనే రుసుము కట్టుదురు. ఒక్క వానను చెప్పుట వేరు, సగటును చెప్పుట వేరు.

కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో వెలువరించిన నివేదిక ప్రకారము 1901-2018 నడుమ మన దేశపు సగటు వేడి సుమారు 0.7 డిగ్రీ పెరిగినది. ఇది లోకపు సగటుకన్న తక్కువ. గాలిలోని పొగ, ధూళి ఎండను కొంత అడ్డగించుటయు, నీటిపారుదలవలన నేల చల్లబడుటయు ఇందుకు కారణములని చెప్పుచున్నారు. 1951-2015 నడుమ నైరృతి ఋతుపవనపు వాన నూటికి ఆరు పాళ్లు తగ్గినదనియు ఆ నివేదిక చెప్పినది. ఆ తగ్గుదల ముఖ్యముగా గంగా మైదానమునను, పడమటి కనుమలయందును కనబడెను.

“బొగ్గుపులుసు వాయువు పైరుకు ఆహారము గదా, పెరిగిన మంచిదే కాదా?” అను వాదమున సగము నిజము కలదు. వరి, ప్రత్తి, వేరుసెనగ దీనివలన కొంత లాభపడును. జొన్న, మొక్కజొన్న, చెరకు అంతగా లాభపడవు. తక్కిన సగమును చూడవలెను. వరి పూతవేళ వేడి 35 డిగ్రీలు దాటినచో పుప్పొడి చెడి గింజ తాలు పోవును. ఫిలిప్పైన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనాలయమున పెక్కేండ్ల లెక్కలు చూడగా, రాత్రివేడి ఒక డిగ్రీ హెచ్చినప్పుడు దిగుబడి సుమారు నూటికి పది పాళ్లు తగ్గినదని 2004లో ప్రకటించిరి. ఈ వాయువు అధికమైన గాలిలో పండిన వరి, గోధుమ గింజలలో ఇనుము, జింకు తగ్గునని 2014లో వెలువడిన పరీక్షలు చూపినవి.

విద్యుత్ విధానమును గూర్చిన సందేహములు

ఇంతవరకు చెప్పినది ప్రకృతిని గూర్చినది. ఏమి చేయవలెననునది వేరు ప్రశ్న. ఇందు సందేహించుటకు రైతునకు సంపూర్ణ హక్కు కలదు. వేడి పెరుగుట నిజమైనంతమాత్రమున, ఆ పేరిట చేయు ప్రతి పనియు మంచిదని యర్థము కాదు.

మొదటి ప్రశ్న భారమెవరిదని. ఏటికి తలకు అమెరికావాడు సుమారు 14 టన్నుల బొగ్గుపులుసు వాయువును విడువగా, మనవాడు విడుచునది సుమారు 2 టన్నులు. లోకపు సగటులో ఇది సగముకన్న తక్కువ. అయినను దేశము మొత్తముమీద చూడగా మనము నేడు లోకమున మూడవ స్థానమున నున్నాము. 2024లోను మన విద్యుత్తున నూటికి డెబ్బది పాళ్లకు పైగా రాక్షసిబొగ్గు వలననే వచ్చినది. 2021లో గ్లాస్గో సభయందు మన ప్రభుత్వము 2070 నాటికి వాయువుల లెక్కను సున్నకు తెత్తుమని చెప్పుచు, బొగ్గును ఒక్కసారిగా మానుటకు ఒప్పుకొనక, క్రమక్రమముగా తగ్గింతుమనెను. ఈ జాగ్రత్త తగినదే.

తొందరపాటువలన కలుగు నష్టమునకు రెండు నిదర్శనములు చాలును. జర్మనీదేశము వాతావరణ రక్షణలో ముందున్నామనుచునే, 2023 ఏప్రిలు 15న తన కడపటి మూడు అణువిద్యుత్ కేంద్రములను మూసివేసెను. పొగలేని విద్యుత్తునిచ్చు ఆ కేంద్రములు ఆగిన నాడు, అచట బొగ్గు కేంద్రములింకను నడచుచుండెను. ఇక సింహళమున 2021లో ప్రభుత్వము రసాయనిక ఎరువుల దిగుమతిని ఒక్కపెట్టున నిషేధించెను. వరి దిగుబడి పడిపోయెను, తేయాకు దెబ్బతినెను, బియ్యము దిగుమతి చేసికొనవలసివచ్చెను. అదే యేడు నవంబరులో నిషేధమును తొలగింపక తప్పలేదు. సేంద్రియపు టెరువు మంచిదనుట వేరు, ఒక్క ఋతువులో దేశమంతయు మారవలెననుట వేరు.

మన తెలుగుసీమలో ఈ ప్రశ్న మోటారు షెడ్డు దగ్గరనే నిలిచియున్నది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున సేద్యమునకు ఉచిత విద్యుత్తు వచ్చెను. తెలంగాణమున 2018 జనవరి 1 నుండి ఇరువదినాలుగు గంటల సరఫరా ప్రారంభమయ్యెను. అర్ధరాత్రి మోటారు వేయబోయి పాముకాటునకు, విద్యుద్ఘాతమునకు లోనైన రైతుల సంగతి మనకు క్రొత్త కాదు. సేద్యమునకు కావలసినది పగటి విద్యుత్తు. సూర్యుడిచ్చునదియు పగటి విద్యుత్తే. ఇంతవరకు సౌరశక్తి మనకు అనుకూలమైనదే. కాని రెండు సందేహములను విడువరాదు.

ఒకటి భూమి. కర్నూలు సౌరవనము వేయి మెగావాట్లకై సుమారు ఆరువేల యెకరములు పట్టినది. అట్టిచోట్ల పట్టాదారునకు పరిహారమో కౌలో ముట్టవచ్చును. ఆ నేలపై బ్రదుకు కౌలుదారునకు, కూలివానికి, గొఱ్ఱెలకాపరికి ఏమి ముట్టునో ముందుగనే అడుగవలెను. రెండవది భూగర్భజలము. 2019లో వచ్చిన కేంద్రప్రభుత్వపు కుసుమ్ పథకమున సౌరపంపులకు సహాయము లభించుచున్నది. సూర్యుడున్నంతసేపు ఖర్చులేక నీరు వచ్చును గనుక బోరుబావి త్వరగా ఎండిపోవు ప్రమాదమున్నది. దీనికి గుజరాతు రైతులొక త్రోవ చూపిరి. ఖేడా జిల్లా ఢూండీ గ్రామమున 2016లో ఆరుగురు రైతులు సౌరశక్తి సహకార సంఘముగా నేర్పడి, తమ పంపులకు పోను మిగిలిన విద్యుత్తును కంపెనీకి యూనిటు 4 రూపాయల 63 పైసల వంతున అమ్మ మొదలిడిరి. అమ్మిన యూనిటుకు వెల వచ్చునప్పుడు నీటిని వృథాగా తోడు బుద్ధి పుట్టదు. ఇది సహకారమువలననే సాధ్యమైనది.

క్రొత్తగా వచ్చుచున్న ఒడంబడికలు

ఈ నడుమ కొన్ని కంపెనీల ఏజెంట్లు గ్రామములకు వచ్చి, వరిమడిలో ఎల్లవేళల నీరు నిలుపక తడిపి ఆరబెట్టినచో మీథేను తగ్గుననియు, తగ్గిన వాయువునకు కార్బన్ క్రెడిట్ అను పేర సొమ్మిత్తుమనియు చెప్పుచున్నారు. పద్ధతి మంచిదే. నీరు ఆదా యగును, మీథేను చాలవరకు తగ్గునని పరీక్షలలో తేలినది. కాని ఆ లెక్క యెవరు కట్టుదురు? ఇట్టి క్రెడిట్లను నమోదుచేయు వెర్రా అను అంతర్జాతీయ సంస్థయే, లెక్కలు సరిగా లేవని చైనాలోని 37 వరి పథకములను 2024లో త్రోసివేసెను.

1990లో ఎక్కువ లెక్క మనకు నింద తెచ్చెను. నేడు ఎక్కువ లెక్క మనకు సొమ్ము తెచ్చునట్లు కనబడును. నాడు కొలిచి చూపుడన్న మనమే నేడు కొలువకుండ సంతకము చేసినచో, పథకము కొట్టుపడిన నాడు సొమ్ము పోవును, పొలము మాత్రము కాగితమున చిక్కియుండును. కావున సంఘముల పాలకవర్గములు ఈ క్రింది పనులను చేయవలెనని కోరుచున్నాము.

1. ఏ సభ్యుడును ఒంటరిగా ఇట్టి ఒడంబడికపై సంతకము చేయరాదు. సంఘమే ఒడంబడికను తెలుగున తెప్పించి, సభలో చదివి వినిపించవలెను.

2. వాయువును ఎవరు, ఎచట, ఎన్నిమారులు కొలుతురో వ్రాతమూలముగా పొందవలెను. అంచనామీద మాత్రమే చెల్లింతుమనువారిని నమ్మరాదు.

3. గడువెన్నియేండ్లు, నడుమ మానుకొనుటకు వీలు కలదా, అమ్మిన ధరలో రైతు వంతెంత, పొలము చేయు కౌలుదారుని వంతెంత యను వానిని తేల్చుకొనవలెను.

4. దిగుబడి తగ్గినచో నష్టమెవరు భరింతురో అడుగవలెను. మొదటి ఋతువున పొలములో ఒక మూల మాత్రమే పరీక్షించుట మేలు.

5. ప్రతి సంఘమును ఒక వానమాపకమును, పగటి హెచ్చు, రాత్రి తగ్గు వేడిని చూపు ఉష్ణమాపకమును ఏర్పరచుకొని, దినదినము పుస్తకమున వ్రాయించవలెను. నెలకొకమారు రెండు మూడు బోరుబావుల నీటిమట్టమును కూడ వ్రాయవలెను. ఖర్చు స్వల్పము. పదియేండ్ల పుస్తకమున్న సంఘము పంటబీమావారితో గాని, సౌరకంపెనీతో గాని, ప్రభుత్వముతో గాని ఆధారముతో మాటలాడగలదు.

తాతలనాటి యెండలు ఎట్టివో నేడు మనలో వాదము వచ్చుటకు కారణము, మన గ్రామములలో ఆ లెక్కను వ్రాసియుంచినవారు లేకపోవుటయే. మన మనుమలకు ఆ యిబ్బంది కలుగరాదు. సోదర రైతులు సందేహించుట మానవలెనని మేము కోరము. ఎచ్చటినుండి వచ్చిన లెక్కనైనను, మనకు నచ్చినను నచ్చకున్నను, మన పొలమున కొలిచి చూపుమని యడుగవలెనని మాత్రము కోరుచున్నాము. రాబోవు తొలకరికి ముందుగనే ప్రతి సంఘమును పై యైదవ పనిని ప్రారంభించునని ఆశించుచున్నాము.